బండి ఎవరి పేరున ఉండాలి?

అమలాపురంలో బస్సు దిగిన మనిషిని ఒకప్పుడు ముందుగా పలకరించింది రిక్షా బెల్లు. రాజోలైనా కొత్తపేటైనా అంతే. ఆటోలు వచ్చి మనుషుల్ని పట్టుకుపోయాక తొక్కుడు రిక్షాకి బియ్యం బస్తాలు, సిమెంటు, కొబ్బరికాయలు మిగిలాయి. చాలాచోట్ల అవీ మిగల్లేదు. ఇప్పుడు బ్యాటరీ రిక్షా వచ్చింది. పాత రిక్షా షెడ్డుల్లో ఎన్నడూ తేలని తగువొకటి దానితో పాటు తిరిగొచ్చింది. బండి కొన్నవాడికీ నడిపేవాడికీ మధ్య కట్టుబాటు ఎలా ఉండాలి?

ఆ తగువు మీద ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. ఒకరు పెదనాన్న. అమలాపురంలో సైకిలు షాపు పెట్టుకుని, అద్దె రిక్షాలు తిప్పి, పిల్లల్ని చదివించుకున్న మనిషి. రెండోది ఆయన తమ్ముడి కూతురు. మహిళా సంఘాల పొదుపు లెక్కలు చూసే ఉద్యోగం ఆమెది. అయిదు బ్యాటరీ రిక్షాలు కొని తిప్పాలనుకుంటోంది. నా మొగ్గు అమ్మాయి వైపే. అయినా పెదనాన్న మాటని ఎక్కడా పలచన చెయ్యలేదు. ఆయన చెప్పినవాటిలో కొన్నింటికి నా దగ్గరా జవాబు లేదు.

పెదనాన్న: బళ్ళు కొనమ్మా, వద్దనను. మన నేలకి రిక్షా బాగా కుదిరిన బండి. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఎక్కడుందని ఎత్తు? ఎక్కితే కాలవ వంతెన ఎక్కాలి, లేదంటే ఏటిగట్టు ఎక్కాలి. నల్ల వంతెన దగ్గర బరువైన బేరం అయితే తొక్కేవాడు సీటు దిగి హ్యాండిలు పట్టుకుని లాగేవాడు. ఎక్కినవాళ్ళలో మనసున్నవాళ్ళు తామూ దిగి నడిచేవారు. నువ్వు తెచ్చే బండికి మోటారుంది కాబట్టి ఆ బాధా లేదు. నేను చెప్పేది ఒక్కటే. బండి నీ పేరునే ఉంచుకో. రోజుకింత అని అద్దెకివ్వు. వాయిదాలు కట్టించుకుని వాళ్ళ పేరున రాసిస్తానంటున్నావే, అది మాత్రం వద్దు.

అమ్మాయి: ఎందుకొద్దో లెక్క వేసి చూద్దామండీ. బండి లక్షన్నర అనుకోండి. వడ్డీ, ఇన్సూరెన్సు కలిపి లక్షా ఎనభై వేలు. రోజుకి మూడొందల చొప్పున ఏడాదికి మూడొందల రోజులు కడితే రెండేళ్ళలో తీరిపోతుంది. ఆ రోజు నుంచి బండి అతనిది. మీ పద్ధతిలో రెండేళ్ళు కట్టాక కూడా మూడో ఏడు మొదటి రోజున మళ్ళీ అద్దె కట్టే బయటికి రావాలి. పదేళ్ళు తొక్కినా అంతే. మీ షెడ్డులో ఇరవయ్యేళ్ళు తొక్కిన మనుషులున్నారు కదా పెదనాన్నా. వాళ్ళు ఎన్ని రిక్షాల ఖరీదు కట్టి ఉంటారు?

పెదనాన్న: చాలా రిక్షాల ఖరీదే కట్టారు. కాదనను. కానీ వాళ్ళు కట్టింది బండికి మాత్రమే కాదమ్మా. పంక్చరూ గాలీ వాళ్ళవి. ఇరుసు విరిగినా, రిమ్ము వంగినా, ఫ్రీవీలు పోయినా నావి. టాపు చిరిగితే కుట్టించేది నేను. రాత్రి బండి పెట్టుకోడానికి చోటు నాది. మున్సిపాలిటీ వాళ్ళు బిళ్ళ లేదని బండి పట్టుకుపోతే వెళ్ళి విడిపించుకొచ్చేది నేను. పైగా అడ్వాన్సు లేదు, పూచీకత్తు కాగితం లేదు. ఏ లంక గ్రామం నుంచో ఒకడొస్తాడు. ఊడ్పులు అయిపోయాయి, కోతలకి ఇంకా టైముంది, ఈ మధ్యలో ఇంట్లో పొయ్యి వెలగాలి. తెలిసినవాడు ఒక మాట చెప్తే చాలు, మర్నాడు పొద్దున్నే వాడి చేతిలో బండి ఉండేది. కోతలు రాగానే బండి నాకు అప్పజెప్పి పొలానికి పోయేవాడు. వాడికి బండి సొంతం చేస్తానంటే ఏం చేసుకుంటాడు? కోతలకి పోయిన రోజుల్లో వాయిదా ఎవరు కడతారు?

అమ్మాయి: అప్పటి మాట మీరన్నట్టే ఉండొచ్చు. ఇప్పుడు వరి కోత మిషన్లు కోస్తున్నాయి. కోతలకి పోయే పని ఏది? ఊరొదిలి పోవాలంటే కువైట్ పోతున్నారు, దుబాయ్ పోతున్నారు. ఇక్కడ మిగిలి బండి నడుపుదామనుకునేవాడు రెండు నెలల కోసం రాడు. ఏళ్ళ తరబడి నడుపుదామనే వస్తాడు. మీ అద్దె పద్ధతి పుట్టింది వచ్చిపోయే మనిషి కోసం. ఉండిపోయే మనిషిని కూడా దాన్లోనే కట్టేశారు.

పెదనాన్న: కట్టెయ్యలేదు. పొమ్మంటే పోలేదు, అంతే.

అమ్మాయి: పోవడానికి ఇంకో చోటుంటేగా? అక్కడా అద్దే. ఇది మన ఊరి తగువొక్కటే కాదండీ, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పంజాబ్‌లో 1975లో చట్టం చేశారు. రిక్షా లైసెన్సు తొక్కేవాడికే ఇస్తాం, అద్దెకి తిప్పేవాడికి ఇవ్వం అని. వినడానికి బానే ఉంది కానీ తొక్కేవాడికి రిక్షా కొనుక్కునే డబ్బెక్కడిది? ఉన్న అద్దె బండీ పోతుంది. అమృత్‌సర్ రిక్షా కార్మికులు కోర్టుకెక్కారు. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పులో నాకు నచ్చింది ఏమిటంటే, ఆయన చట్టం మంచిదా చెడ్డదా అన్న దగ్గర ఆగిపోలేదు. తొక్కేవాడికి బ్యాంకు అప్పు ఎలా అందాలి, ఎలా తీరాలి అన్న ఏర్పాటు కూడా తీర్పులోనే పెట్టించారు. బండి తొక్కేవాడిది కావాలంటే ముందు డబ్బు దారి చూపించాలని ఆయన చెప్పినట్టు.

పెదనాన్న: నువ్వు సగమే చెప్పావు. ఢిల్లీ సంగతి కూడా చెప్పు. అక్కడా అదే నిబంధన ఉండేది కదా, తొక్కేవాడే యజమాని అయి ఉండాలని. పైగా ఊరు మొత్తానికి 99,000 రిక్షాలే ఉండాలని లెక్క. ఆ రెండూ చెల్లవని 2010లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఎందుకు? బీహారు నుంచో ఇంకెక్కడి నుంచో వచ్చినవాడు రాగానే రిక్షా కొనలేడు, ఊరికి తిరిగెళ్ళినప్పుడు దాన్ని మోసుకుపోలేడు. వాడికి అద్దె బండే ఆధారం. అద్దెకిచ్చేవాణ్ణి తప్పిస్తే తొక్కేవాడి నోటి ముద్ద పోతుంది. నేను చెప్పే మాటే కోర్టు చెప్పింది.

అమ్మాయి: అద్దె నేరం కాదంది. అద్దె ఒక్కటే దారి అనలేదు.

ఇక్కడ నా మాట ఒకటి. ముప్ఫయ్యేళ్ళ తేడాతో రెండు కోర్టులు చూసింది రెండు రకాల మనుషుల్ని. అమృత్‌సర్‌లో తొక్కడమే బతుకుగా స్థిరపడినవాళ్ళు, బండి చేజారితే ఇంకేమీ లేనివాళ్ళు. ఢిల్లీలో బండి కన్నా ముందు ఊళ్ళో అడుగుపెట్టడమే కష్టమైన వలస కూలీలు. ఒకే తొక్కుడు, ఒకే చెమట. కానీ వలస వచ్చినవాడికి కావలసింది తలుపు, స్థిరపడినవాడికి కావలసింది ఇల్లు. చిన్న ఊళ్ళో అయిదు బళ్ళు తిప్పేవాళ్ళు తమ దగ్గరికి వచ్చిన మనిషి ఈ ఇద్దరిలో ఎవరో అడిగి తెలుసుకోగలరు. చట్టం చెయ్యలేని పని అది.

పెదనాన్న: బ్యాంకు అప్పు అన్నావు. అదీ చూశాను. 1969లో బ్యాంకులు జాతీయం చేశారు. 1972లో పేదవాళ్ళకి నాలుగు శాతం వడ్డీకి అప్పులని పథకం పెట్టారు. రిక్షాలకి అప్పులిచ్చారు. కొత్త బండి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి తొక్కుకుంటూ వెళ్ళారు. ఏడాది తిరక్కుండానే వాటిలో కొన్ని నా షాపు ముందుకొచ్చాయి. అమ్ముతాం, కొనండీ అని. కొన్నాను. కొనకపోతే ఇంకో షావుకారు కొనేవాడు. సొంత బండి అమ్ముకుని మర్నాడు అదే బండి అద్దెకి తొక్కిన మనుషులున్నారమ్మా. అది చూసినవాణ్ణి గనకే చెప్తున్నాను. సొంతం చేస్తే వాళ్ళ దగ్గర నిలవదు.

అమ్మాయి: ఎందుకమ్మారు?

పెదనాన్న: ఒకడికి పిల్లకి జ్వరం. ఒకడికి పెళ్ళి ఖర్చు. ఒకడు తాగాడు, అదీ ఉంది. ఎక్కువమందికి మాత్రం బండే పెద్ద దెబ్బ కొట్టింది. లారీ తగిలి వెనక ఇరుసు పోయింది. బాగు చేయించుకునే డబ్బు చేతిలో లేదు. బండి తిరగకపోతే డబ్బు రాదు. వాయిదా మాత్రం ఆగదు.

అమ్మాయి: అదీ, ఆ మాట మీ నోటే రావాలని చూస్తున్నాను. వాళ్ళు బండి అమ్ముకున్నది సొంతం చేసినందుకు కాదు పెదనాన్నా. చేతికి బండి ఇచ్చి వెనక షెడ్డు ఇవ్వనందుకు. మీ దగ్గర అద్దెకి తొక్కినవాడికి ఇరుసు విరిగితే మీరున్నారు. బ్యాంకు బండి వాడికి ఎవరున్నారు? మీరు ఇచ్చింది షెడ్డు, వాళ్ళిచ్చింది కాగితం. రెండూ కలిపి ఒక్కచోట ఎవరూ ఇవ్వలేదు. గువాహటిలో 2004లో ఆ పని మొదలుపెట్టారు. ప్రదీప్ కుమార్ శర్మ అనే పశువైద్యుడు రిక్షా బ్యాంకు అని పెట్టాడు. ఐఐటీ గువాహటి వాళ్ళ చేత రిక్షాని తేలిగ్గా ఉండేలా మళ్ళీ డిజైను చేయించాడు. తొక్కేవాడు రోజూ కట్టేది చూడ్డానికి మన అద్దెలాగే ఉంటుంది, కానీ బండి ఖరీదు తీరగానే బండి అతని పేరున వస్తుంది. తీరేదాకా ఇన్సూరెన్సు, లైసెన్సు, రిపేరు సంగతి ఆ సంస్థే చూసుకుంటుంది. నేను అడిగేది అంతే. మీ షెడ్డు ఉండాలి, ఆఖర్న బండి వాళ్ళదవ్వాలి.

పెదనాన్న: షెడ్డు నడిపే ఖర్చు?

అమ్మాయి: ఆ లెక్కలోకి వస్తాను. ముందు ఇంకొకటి అడగనివ్వండి. బేరం లేని రోజు సంగతేమిటి?

పెదనాన్న: 1996 నవంబరు ఆరున గాలివాన వచ్చింది, నువ్వు చిన్నపిల్లవి. తెల్లారేసరికి కొబ్బరి తోటలు నేలమట్టం. రోడ్ల మీద చెట్లు. కరెంటు లేదు, కబురు లేదు. రోడ్లు బాగయ్యేదాకా నేను ఎవరి దగ్గరా పైసా అద్దె తీసుకోలేదు. అడగనైనా అడగలేదు. మామూలు ముసురు రోజుల్లో కూడా, పొద్దుటి నుంచీ బేరం లేదండీ అంటే సగం తీసుకునేవాణ్ణి, లేదా రేపు చూద్దాం అనేవాణ్ణి. ఎవర్నైనా అడుగు.

అమ్మాయి: ఎవర్నీ అడగక్కర్లేదండీ, మీరు అలాంటివారే. కానీ మీ పక్క షెడ్డాయన వసూలు చేశాడు. మీ దగ్గర తొక్కినవాడికి కూడా ఆ రోజు పొద్దున తెలీదు, సాయంత్రం మీరు సగం తీసుకుంటారో మొత్తం అడుగుతారో. రోజంతా ఆ భయంతోనే తొక్కాలి. వానలో ఖాళీ రిక్షా మీద కూర్చుని, ఇంటికి పోతే అద్దె ఎలా అని పోకుండా తడిసినవాళ్ళున్నారు. బేరం ఉన్నా లేకపోయినా అద్దె అద్దే అన్నప్పుడు నష్టం మొత్తం తొక్కేవాడి మీద పెట్టినట్టే. యజమాని మంచివాడైతే ఆ నష్టంలో కొంత పంచుకుంటాడు. పంచుకోవాలని కట్టుబాటు మాత్రం లేదు. నా ఒప్పందం కాగితంలో రాస్తాను. తుపాను హెచ్చరిక ఉన్న రోజు, బందు రోజు, మనిషి ఆస్పత్రిలో ఉన్న రోజు వాయిదా లేదు. ఆ రోజులు చివర్న కలుస్తాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టాక బండి బయటికి తీసే వీలే లేదు. 2022 మే 24 అల్లర్ల తర్వాత అమలాపురంలో 144 సెక్షను పెట్టారు. అలాంటి రోజులకి నడిపేవాడు ఏ పాపం చేశాడని అద్దె కట్టాలి?

పెదనాన్న: రాసిన మాట అయితే రోజూ ఏదో ఒక వంక చెప్తారు.

అమ్మాయి: చెప్పినా ఏం పోతుంది? బాకీ తగ్గదు, బండి సొంతమయ్యే రోజు వెనక్కి జరుగుతుంది. వంక చెప్తే నష్టం అతనికే. మీ పద్ధతిలో వంక చెప్తే నష్టం మీకు. అందుకే మీకు రోజూ అనుమానం, వాళ్ళకి రోజూ సంజాయిషీ.

ఈ మాటకి పెదనాన్న వెంటనే జవాబు చెప్పరు. అద్దె షెడ్డు నడిపినవాళ్ళెవరికైనా సాయంత్రం పూట అలసట తెలుసు. చీకటి పడ్డాక ఒక్కొక్క బండీ లోపలికి వస్తుంటే, ఒక్కొక్క మొహం చూసి ఇవాళ ఎంత అడగాలో అంచనా వెయ్యడం. నిజంగా బేరం లేదా, దాచుకున్నాడా? ఆ అంచనా తప్పినప్పుడల్లా ఒక మనిషి ఇంట్లో కూర తగ్గుతుంది. ఇలా రోజూ ఇద్దరు మనుషుల్ని ఒకరి ముందు ఒకరిని నిలబెట్టే పద్ధతి కన్నా, అప్పుడప్పుడు తప్పు దొర్లినా రాసిపెట్టుకున్న పద్ధతే నయమని నాకు గట్టి నమ్మకం.

పెదనాన్న: సరే. ఎక్కేవాళ్ళ సంగతి ఆలోచించావా? బళ్ళు కొనడం తేలిక, బేరం తేవడం కష్టం. మా రోజుల్లో వీధికో రిక్షా అతను ఉండేవాడు. ఫలానా ఇంటి పిల్లల్ని బడికి తీసుకెళ్ళేది ఇతనే, ఆ ఇంటి ముసలమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళేదీ ఇతనే. నెల జీతంలా ఇచ్చేవారు. ఆ ఇంటి గుట్టుమట్లన్నీ అతనికి తెలుసు. ఆ నమ్మకం బండి ఎవరిదన్న దాన్ని బట్టి రాలేదు. మనిషిని బట్టి వచ్చింది. ఇంకోటి చెప్తాను. తొక్కేవాడికి బండి కన్నా విలువైంది స్టాండులో వరస. బండి నాది, స్టాండు వాళ్ళది. కొత్తవాడొస్తే పాతవాళ్ళు ఒప్పుకుంటేనే నిలబడాలి. ఇవాళ ఆటో స్టాండులోనూ అంతే. నువ్వు అయిదు బళ్ళు సొంతం చేసి పంపిస్తే, బస్టాండు దగ్గర ఆటోవాళ్ళు నిలబడనివ్వకపోతే ఏం చేస్తావు?

అమ్మాయి: అది నిజంగా పెద్ద ప్రశ్న. దానికి నేను తల వంచుతాను. అందుకే బస్టాండు దగ్గర మొదలుపెట్టను. ఆటో పోయే దారిలో బ్యాటరీ రిక్షా పోటీ పడలేదు, పడకూడదు కూడా. గంటకి 25 కిలోమీటర్లకి మించి పోని బండి, నలుగురికి మించి ఎక్కకూడదు, సామాను 40 కిలోలు. 216 హైవే మీద లారీల మధ్యకి దాన్ని పంపితే ప్రాణాలు పోతాయి. దాని చోటు వేరు. కాలవ గట్ల వెంట సన్నటి రోడ్లు, ఊళ్ళో మార్కెట్టు నుంచి ఇంటికి, ఆస్పత్రి దగ్గర నుంచి బస్సుకి. శనివారాలు వాడపల్లి వెంకన్న దగ్గర జనం చూశారా? ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళు వేల మంది. కార్లు దూరంగా ఆపాలి, ముసలివాళ్ళు ఎండలో నడవాలి. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలోనూ అంతే. అయినవిల్లి, అప్పనపల్లి కూడా అంతే.

పెదనాన్న: శనివారం వాడపల్లి, మిగతా ఆరు రోజులు?

అమ్మాయి: మిగతా రోజులకి ఆడవాళ్ళున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. ఆటోవాళ్ళకి దెబ్బ తగిలింది, వాళ్ళ బాధ అబద్ధం కాదు. కానీ బస్సు మనిషిని ఇంటి గుమ్మం దగ్గర దించదు. రోడ్డు మీద దించుతుంది. అక్కడి నుంచి సంచీలు మోసుకుంటూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు లోపలికి. బస్సు దిగిన మనిషే నా బేరం. నడిపేవాళ్ళలో కూడా ఇద్దరు ఆడవాళ్ళని పెడతాను. తొక్కుడు రిక్షాకి పిక్కల బలం కావాలి కాబట్టి వాళ్ళు ఆ పనిలోకి రాలేదు. దీనికి పది రోజుల శిక్షణ, లైసెన్సు చాలు. రేటు బోర్డు మీద రాసి బండికే కడతాను. రూపాయి దగ్గర బేరమాడే అలవాటు మన జనానికి ఉంది. ఎండలో తొక్కి తెచ్చిన మనిషితో దిగాక గీసి గీసి బేరమాడటం చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మండేది.

పెదనాన్న: రేటు మాత్రం నువ్వు పెట్టకు. వాన పడేటప్పుడు ఒక ధర, దోవ బాగోకపోతే ఒక ధర. అది నడిపేవాడికి తెలిసినట్టు నీకు తెలీదు. నేను ఒక్కనాడూ రేటు జోలికి పోలేదు.

అమ్మాయి: అయితే వాళ్ళనే కూర్చోబెట్టి రాయిస్తాను. బోర్డు మాత్రం ఉంటుంది.

పెదనాన్న: అది బాగుంది. ఇప్పుడు అసలు సంగతికి రా. రోజుకి మూడొందలు, రెండేళ్ళు అన్నావు. బ్యాటరీ ఎవరిది?

అమ్మాయి: బండితోనే వస్తుంది కదండీ.

పెదనాన్న: రావడం వస్తుంది. నీళ్ళ బ్యాటరీ అయితే ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. నాలుగు బ్యాటరీల సెట్టు నలభై వేలు అనుకుందాం. మా రిక్షాలో పాడయ్యేవన్నీ చిన్న చిన్నవి. ఇవాళ చైను, పై నెలలో బాల్సు, ఆర్నెల్లకి టైరు. ఏదీ మనిషి నడ్డి విరిచే ఖర్చు కాదు. దీంట్లో ఒక్కసారిగా నలభై వేలు. నీ వాయిదాలు తీరేలోపే మొదటి సెట్టు చచ్చిపోతుంది. అప్పుడు వాడి చేతిలో ఏముంటుంది? బాకీ ఉన్న ఇనప గూడు. వడ్డీకి తెచ్చి బ్యాటరీ వేస్తాడు, లేదా బండి తెచ్చి నీ గుమ్మంలో పెడతాడు. 1972 అప్పుల కథే మళ్ళీ. అదే నా అద్దె బండి అయితే బ్యాటరీ నాది. చచ్చిందా, నేను మారుస్తాను. నడిపేవాడికి ఒక్క రోజు కూడా ఆగదు.

అమ్మాయి: దీనికి జవాబు ఆలోచించే వచ్చాను. నలభై వేలు, నాలుగొందల పని రోజులు. రోజుకి వంద. ఆ వంద మూడొందల్లో కలవదు, విడిగా అతని పేరున పొదుపు పుస్తకంలో పడుతుంది. మహిళా సంఘాల్లో పొదుపు చేసే అలవాటు మన ఊళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. కొత్తేం కాదు. బ్యాటరీ పోయే నాటికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. బాకీ తీరాక కూడా రోజుకి వంద తీస్తూనే ఉండాలి.

పెదనాన్న: అంటే రోజుకి నాలుగొందలు. నా లెక్కలో బ్యాటరీ, టైర్లు, రిపేర్లు అన్నీ నావి చేసుకుని మూడొందల యాభైకి ఇవ్వగలను. నీకన్నా యాభై తక్కువ. పైగా టైర్లు నీ పద్ధతిలో వాడివే కదా?

అమ్మాయి: అతనివే. ఒప్పుకుంటాను.

పెదనాన్న: ఆ యాభై నీకూ నాకూ చిన్నది. సాయంత్రానికి ఆరొందలు తెచ్చినవాడికి నాలుగొందలు తీస్తే మిగిలింది రెండొందలు. నా దగ్గరైతే రెండొందల యాభై. ఆ తేడా ఒక పూట బియ్యం, పప్పు. రెండేళ్ళ తర్వాత బండి వస్తుందన్న ఆశ మీద ఇవాళ పొయ్యి వెలగదమ్మా.

అమ్మాయి: వెలగదు. అందుకే మొదటి మూడు నెలలు బాకీ వాయిదా తగ్గించి, చివర్న ఎక్కువ పెడదామనుకుంటున్నాను. బేరాలు అలవాటయ్యేదాకా. ఇంకో డబ్బు కూడా ఉంది పెదనాన్నా, మీరు లెక్కలోకి తీసుకోనిది. 2019 అక్టోబరు 4న వాహన మిత్ర అని ఆటో, టాక్సీ వాళ్ళకి ఏడాదికి పది వేలు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రభుత్వం మారాక 2025 అక్టోబరు 4న ఆటో డ్రైవర్ల సేవలో అని పదిహేను వేలు ఇచ్చారు. రెండు ప్రభుత్వాలూ ఎవరికిచ్చాయి? సొంత బండి ఉండి తానే నడిపేవాడికి. అద్దె ఆటో నడిపేవాడు అదే ఎండలో, అదే రోడ్డు మీద, అంతకన్నా ఎక్కువ గంటలు నడుపుతాడు. అతనికి ఒక్క రూపాయి రాలేదు, బండి కాగితం మీద పేరు లేదు గనక. బ్యాంకుకి వెళ్ళినా అంతే, కాగితం అడుగుతారు. పేరు లేని మనిషి ఎంత తొక్కినా లెక్కలోకి రాడు. మీరు ఎంత మంచి యజమాని అయినా, మీ మంచితనం అతనికి ఆ కాగితం ఇవ్వలేదు.

పెదనాన్న: అది నేనూ చూశాను. మా షాపులో పని నేర్చుకుని అద్దె ఆటో ఎక్కిన కుర్రాడొకడు నన్నే అడిగాడు. ఏమండీ, నాకెందుకు రాదూ అని. చెప్పలేకపోయాను.

అమ్మాయి: మరి?

పెదనాన్న: మరి ఏముంది, ఆ ఒక్క దగ్గర నీ మాట గెలిచింది. అయినా ఇంకొకటి మిగిలింది. ఎనిమిది నెలలు కట్టాడు. కువైట్ వీసా వచ్చింది. లేదా మోకాళ్ళు పోయాయి. పోవాలి. కట్టిన డబ్బేమైంది? నా దగ్గర అయితే పొద్దున తాళం ఇచ్చి పోతాడు, నాకూ అతనికీ బాకీ లేదు. నీ దగ్గర అయితే ఎనిమిది నెలల కష్టం నీ చేతిలో వదిలి పోవాలి. వాయిదాల వాళ్ళందరూ బాగుపడేది ఇక్కడే కదా. మధ్యలో వదిలేసినవాడి డబ్బుతోనే. ఫైనాన్సు వాళ్ళు ఆటో ఎత్తుకుపోతే కట్టిన వాయిదాలు తిరిగి ఇచ్చారా ఎప్పుడైనా? నువ్వు కూడా అదే చేస్తే, నా అద్దె కన్నా నీ పద్ధతే ఎక్కువ దోపిడీ అవుతుంది. అద్దెకిచ్చేవాడు ఆశ చూపించడు.

పెదనాన్న వాదనలన్నిటిలోనూ నన్ను ఎక్కువగా ఆపింది ఇదే. వాయిదాకి బండి ఇచ్చే మంచి పథకాలు చివరిదాకా కట్టినవాడి ఫొటో చూపిస్తాయి. మధ్యలో దిగిపోయినవాడి లెక్క పెద్దగా చెప్పవు. ఒంటి కష్టం మీద నడిచే పనిలో మధ్యలో దిగిపోయేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళకి ఏం దక్కుతుందో తేల్చకుండా, సొంతం చేస్తాం అనే మాట ఎవరూ అనకూడదు.

అమ్మాయి: దిగిపోయేవాడి లెక్క కూడా కాగితంలోనే ఉంటుంది. బ్యాటరీ పొదుపు అతనిదే, మొత్తం ఇచ్చేస్తాను. అది నాది ఎప్పుడూ కాదు. కట్టిన మూడొందల్లో బండి వాడినందుకు కొంత పోవాలి, మిగిలింది తిరిగివ్వాలి. కొత్తగా వచ్చినవాడు ఆ బండిని మిగిలిన బాకీతో అందుకుంటాడు, కాబట్టి నాకు నష్టం లేదు.

పెదనాన్న: ఎంత తిరిగిస్తావు?

అమ్మాయి: సగం అనుకున్నాను.

పెదనాన్న: సగం ఇస్తే నీ షెడ్డు మూసుకోవాలి. బండి అరిగింది, కొత్తవాడు దొరికేదాకా ఖాళీగా ఉంటుంది, నీ బ్యాంకు వడ్డీ మాత్రం నడుస్తుంది. మూడో వంతు ఇవ్వు.

అమ్మాయి: మూడో వంతు అంటే రోజుకి వంద. రెండొందలు అద్దె కట్టినట్టు. అది సబబుగానే ఉంది... కానీ అనారోగ్యం వల్ల దిగిపోయేవాడికి సగం. అక్కడ తగ్గను.

పెదనాన్న: అనారోగ్యం అని ఎవరు తేలుస్తారు? నువ్వా?

అమ్మాయి: నేను కాదు. మిగతా నలుగురు నడిపేవాళ్ళు. రోజూ పక్కనే ఉంటారు, వాళ్ళకన్నా ఎవరికి తెలుస్తుంది?

పెదనాన్న: అలాగైతే ఇంకో మాట. అయిదు బళ్ళలో ఒకటి అద్దెకే ఉంచు. నిన్న ఊళ్ళోకి వచ్చినవాడు, పని కుదురుతుందో లేదో చూసుకోవాలనుకునేవాడు, రెండు నెలలు గడిస్తే చాలనుకునేవాడు, వాళ్ళకి నీ నాలుగొందల రూపాయల కాగితం మీద సంతకం పెట్టమనకు. ముందు మూడొందల యాభైకి తిప్పుకోనీ. ఉండిపోదామనుకుంటే అప్పుడు వాయిదాలోకి మార్చు.

అమ్మాయి: మారినప్పుడు, అంతకుముందు అద్దెగా కట్టినదాంట్లో కొంత బాకీలో కలపాలి.

పెదనాన్న: మళ్ళీ మొదలెట్టావు. ఎంత?

అమ్మాయి: రోజుకి యాభై.

పెదనాన్న: రెండు నెలల దాకా అయితే సరే. అంతకు మించి వద్దు. ఆ అద్దె బండి నా షాపులో పెట్టు, రిపేరు నేను చూస్తాను.